తేదీ లేని మ్యాపు నాకొద్దు: ఆర్కిటిక్ ఫియోర్డ్ అడుగు గురించి (ప్రసంగ పాఠం)

వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, ఏసీ సౌండు కంటే నా సౌండు కొంచెం ఎక్కువుంటే చాలు.

ముందు ఈ స్లైడ్ చూడండి. రంగులు బాగున్నాయి కదా, ఎరుపు అంటే తక్కువ లోతు, నీలం అంటే ఎక్కువ లోతు. ఇది స్వాల్‌బార్డ్ అనే ఆర్కిటిక్ దీవుల్లో కాంగ్స్‌ఫియోర్డెన్ అనే ఫియోర్డ్ అడుగు, నార్వేకి బాగా పైన, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ఇలాంటి మ్యాపు పెట్టగానే అందరూ అబ్బ అంటారు, పేపర్లో వేస్తారు, పెద్దవాళ్ళ ప్రెజెంటేషన్లలో మొదటి స్లైడ్ ఇదే. కానీ ఇందులో ఉన్నది లోతు ఒక్కటేనండీ. అక్కడ ఏం బతుకుతోంది, ఎందుకు అక్కడే బతుకుతోంది, పదేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉంటుందా, ఇవేవీ ఈ రంగుల్లో లేవు. అవి ఎలా తెలుసుకుంటారు, తెలుసుకున్నది ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఇవాళ మాట్లాడదాం అనుకున్నది అదీ.

ఫియోర్డ్ అంటే తెలిసిందే, గ్లేసియర్ వేల ఏళ్ళు కొండని తొలుచుకుంటూ పోతే పడ్డ లోయ, మంచు వెనక్కి పోయాక సముద్రం వచ్చి నింపేసింది. కాంగ్స్‌ఫియోర్డెన్ పొడవు 20 కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు 4 నుంచి 10 కిలోమీటర్లు, లోపల గ్లేసియర్ల దగ్గర చాలా చోట్ల 100 మీటర్ల లోతు కూడా ఉండదు, బయటికి వచ్చేకొద్దీ 350 దాటుతుంది. చాలా ఫియోర్డ్‌లకి ముఖద్వారం దగ్గర అడుగున ఒక గట్టు ఉంటుంది, బయటి లోతు నీళ్ళని లోపలికి రానివ్వదు. దీనికి చెప్పుకోదగ్గ గట్టు లేదు. దాంతో ఏమవుతుందంటే వెస్ట్ స్పిట్స్‌బెర్గెన్ కరెంట్ అని అట్లాంటిక్ నుంచి పైకి వచ్చే వెచ్చటి ఉప్పునీళ్ళు తిన్నగా లోపలికి దూరిపోతాయి. వెచ్చటి అంటే మనకి కాదులెండి, 4, 5 డిగ్రీలు. [నవ్వులు] రెండో చివర క్రోనెబ్రీన్, కాంగ్స్‌వేగెన్, కాంగ్స్‌బ్రీన్ లాంటి గ్లేసియర్లు నేరుగా సముద్రంలోకే దిగుతాయి, ఎండాకాలం వాటి కింద నుంచి ఎర్రమట్టి కలిసిన కరుగునీళ్ళు బుసబుసమని పైకి తన్నుకొస్తాయి. ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క మంచు, మధ్యలో ఇరవై కిలోమీటర్లు. రీసెర్చ్ వాళ్ళందరూ ఈ ఫియోర్డ్ వెనకే ఎందుకు పడ్డారంటే ఇదీ కారణం.

ఇంకో కారణం కూడా ఉంది, సౌకర్యం. ఒడ్డున న్యూ ఆలెసుండ్ అని చిన్న ఊరుంది, ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు, 1962లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు, మరుసటి ఏడాది గనులు మూసేశారు, ఆ తర్వాత రీసెర్చ్ ఊరుగా మారింది. మన దేశపు రీసెర్చ్ స్టేషన్ హిమాద్రి అక్కడే, 2008 జూలై 1న మొదలైంది. ఊళ్ళో వైఫై, బ్లూటూత్ వాడకూడదు, చుట్టూ 20 కిలోమీటర్లు రేడియో సైలెన్స్, అక్కడున్న పెద్ద రేడియో టెలిస్కోపులకి ఇబ్బంది అవుతుందని. ఊరు దాటి వెళ్ళాలంటే తెల్ల ఎలుగుబంట్ల కోసం రైఫిల్ ఉండాలి, దానికి ట్రైనింగ్ ఉంటుంది. సముద్రం అడుగున పురుగులు లెక్కపెట్టే ఉద్యోగానికి తుపాకీ ట్రైనింగ్ ఏంటని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతుంటారు.

సరే, అడుగుకి వద్దాం. నీళ్ళలో వెలుగు ఎంతో దూరం పోదు కాబట్టి సౌండ్‌తో చూడాలి. పూర్వం ఓడలవాళ్ళు తాడుకి సీసపు గుండు కట్టి వదిలేవాళ్ళు, గుండు కింద చిన్న గుంట చేసి దాంట్లో కొవ్వు కూరేవాళ్ళు, అది అడుగుకి తగిలితే ఇసకో బురదో గవ్వముక్కో దానికి అంటుకుని పైకొచ్చేది. అంటే ఒక్క తాడుతో లోతూ తెలిసేది, అక్కడ ఏముందో కూడా తెలిసేది. ఇప్పుడు మల్టీబీమ్ ఎకోసౌండర్ వచ్చింది, ఓడ కింద నుంచి విసనకర్రలా వందల బీములు ఒకేసారి వదులుతుంది, ఓడ వెళ్తూ ఉంటే లోతుకి మూడు నాలుగు రెట్ల వెడల్పున అడుగంతా స్కాన్ అయిపోతుంది. లక్షల పాయింట్ల లోతు వచ్చింది కానీ ఆ కొవ్వుకి అంటుకున్న బురద మాత్రం పోయింది, దాన్ని ఇప్పుడు వేరే దారుల్లో వెతుక్కుంటున్నాం.

మల్టీబీమ్ కొలిచేది లోతు కాదండీ, టైము. సౌండ్ వెళ్ళి తిరిగి రావడానికి పట్టిన టైము. దాన్ని లోతుగా మార్చాలంటే నీళ్ళలో సౌండ్ స్పీడ్ తెలియాలి. మామూలుగా సెకనుకి 1500 మీటర్లు అని పుస్తకాల్లో రాస్తారు. ఫియోర్డ్‌లో ఆ లెక్క కుదరదు, పైన గ్లేసియర్ నుంచి వచ్చిన చల్లటి తీయనీళ్ళ పొర ఉంటుంది, అందులో 1400 చిల్లర, దాని కింద అట్లాంటిక్ ఉప్పునీళ్ళు, అందులో 1460 పైన. పొర మారినచోట సౌండ్ వంగుతుంది, తిన్నగా కిందకి వెళ్ళే బీముకి పెద్ద తేడా రాదు గానీ పక్కలకి వెళ్ళే బీములు బాగా వంగిపోతాయి, చదునుగా ఉన్న అడుగు కూడా స్క్రీన్ మీద రెండు అంచుల దగ్గర పైకి లేచినట్టో కిందకి వాలినట్టో కనిపిస్తుంది. తెలియనివాళ్ళు అదేదో కొత్త గుట్ట అనుకుంటారు. అందుకని మాటిమాటికీ ఓడ ఆపి సీటీడీ అనే పరికరం దించి ఉప్పు, ఉష్ణోగ్రత కొలుచుకోవాలి, గ్లేసియర్‌కి దగ్గరయ్యేకొద్దీ ఇంకా తరచుగా, ఎందుకంటే ఆ తీయనీళ్ళ పొర ఆటుపోటుతో గాలితో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. మీలో హైడ్రోగ్రఫీ వైపు వెళ్ళేవాళ్ళుంటే వానాకాలం గోదావరి వరద సముద్రంలో కలిసేచోట సర్వే చేసి చూడండి, పైన తీయనీళ్ళు కింద ఉప్పునీళ్ళు, ఇదే తలనొప్పి అక్కడా ఉంటుంది, చలి ఒక్కటే తక్కువ.

లోతుతో పాటు మల్టీబీమ్ ఇంకోటి కూడా ఇస్తుంది, బ్యాక్‌స్కాటర్, అంటే తిరిగొచ్చిన సౌండ్ ఎంత గట్టిగా ఉందని. రాయి గట్టిగా తిప్పికొడుతుంది, మెత్తటి బురద మింగేస్తుంది. ఇది చూసి ఇక్కడ రాయి, ఇక్కడ గులకరాళ్ళు, ఇక్కడ బురద అని గీతలు గీసుకోవచ్చు. జీవాల సంగతి మాత్రం ఇది చెప్పదు. లెక్క చూడండి, ఒక డిగ్రీ బీము 300 మీటర్ల లోతులో అడుగున దాదాపు 5 మీటర్ల ముక్కని ఒక్క పాయింటుగా చూస్తుంది, నక్షత్రచేపకి చుట్టమైన అరచేయంత బ్రిటిల్ స్టార్ దానికేం కనిపిస్తుంది? బ్యాక్‌స్కాటర్ చూసి జీవాల మ్యాపు గీయడమంటే గూగుల్ మ్యాప్‌లో డాబా చూసి ఆ ఇంట్లో ఇవాళ ఏం కూరో చెప్పమన్నట్టే.

అయినా మల్టీబీమ్‌ని తీసిపారేయడానికి లేదు, ఎందుకంటే అడుగు ఎలా తయారైందో అది చెప్తుంది. ఇదిగో ఈ స్లైడ్‌లో సన్నసన్న గట్లు వరసగా కనిపిస్తున్నాయి చూశారా, గ్లేసియర్ వెనక్కి పోతూ పోతూ చలికాలం కొంచెం ముందుకి తోసి వదిలేసిన మట్టి గట్లు అవి, మొరైన్లు అంటారు. స్వాల్‌బార్డ్‌లో కొన్ని గ్లేసియర్లకి సర్జ్ అని ఒక జబ్బు ఉంది, దశాబ్దాలు ఊరికే ఉండి ఉన్నట్టుండి ముందుకి దూకుతాయి. కాంగ్స్‌వేగెన్ 1948 ప్రాంతంలో అలా దూకింది. ఇటు పక్కన గీకినట్టు అడ్డదిడ్డంగా ఉన్న చారలు ఐస్‌బర్గ్‌లవి, వాటి అడుగు నేలకి తగిలి దున్నుకుంటూ పోతుంది, ఆ దారిలో అతుక్కుని ఉన్న జీవాలు నలిగిపోతాయి, అక్కడ మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గ్లేసియర్ ముందు భాగం విరిగి పడుతూ ఉంటుంది కాబట్టి ఓడని దగ్గరికి తీసుకెళ్ళరు, అందుకని చార్టుల్లో తెల్లగా వదిలేసిన జాగా అక్కడే ఎక్కువ. ఆ జాగాయే మాకు కావాల్సింది. గ్లేసియర్ వెనక్కి జరిగినప్పుడల్లా నిన్నటిదాకా మంచు కింద ఉన్న నేల ఇవాళ సముద్రపు అడుగు అయిపోతుంది, చార్టులో దానికి లోతు ఉండదు, పేరు ఉండదు. ఇప్పుడు మనుషులు లేని చిన్న బోట్లకి సోనార్ కట్టి పంపిస్తున్నారు, పోతే బోటు పోతుంది అని. ఈ ఫియోర్డ్‌లోనే బ్లోమ్‌స్ట్రాండ్ అనే చోటు ఉంది, పాత మ్యాపుల్లో అది ద్వీపకల్పం, వెనక గ్లేసియర్ దాన్ని నేలకి కలిపి ఉంచేది. 1990లలో ఆ మంచు తప్పుకుంది, మధ్యలోకి నీళ్ళొచ్చాయి, చూస్తే అది దీవి. ఒడ్డు గీత సంగతే ఇలా ఉంటే అడుగు సంగతి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు బురద పని. నాకు ఇష్టమైన పని ఇదే, ఫొటోల్లో పడేది కాదు గానీ. వాన్ వీన్ గ్రాబ్ అంటాం, రెండు ఇనప దవడలు, పట్టుకొచ్చేది 0.1 చదరపు మీటరు నేల. వించ్ మీద వైరుతో దించుతాం, అడుగు తగలగానే కొక్కెం వదులవుతుంది, పైకి లాగేటప్పుడు దవడలు మూసుకుంటాయి. దవడల మధ్య చింతగింజంత రాయి ఇరుక్కున్నా చాలు, పైకొచ్చేసరికి సగం బురద కారిపోతుంది, ఆ శాంపిల్ పనికిరాదు, మళ్ళీ వేయాలి. వచ్చిన బురదని టబ్బులో వేసి సముద్రపు నీళ్ళ పైపుతో మెల్లగా కరిగిస్తూ అర మిల్లీమీటరు జల్లెడలో కడుగుతాం, పైపు ఒత్తిడి కొంచెం పెరిగితే పురుగులు తెగిపోతాయి, తెగిపోతే తర్వాత ల్యాబ్‌లో తల ఒక సీసాలో తోక ఒక సీసాలో, తలలే లెక్కపెట్టాలని రూలు. నీళ్ళు సున్నా డిగ్రీ దగ్గర, గ్లవ్స్ వేసుకున్నా వేళ్ళు కొంతసేపటికి మనవి కావు. జల్లెడలో మిగిలింది ఫార్మలిన్‌లో వేసి రోజ్ బెంగాల్ రంగు కలుపుతాం, జీవాలు గులాబీ రంగు తాగుతాయి, ఇసకరేణువులు తాగవు, మైక్రోస్కోప్ కింద ఏరడానికి సులువు. సులువు అన్నాను గానీ ఒక్క శాంపిల్ ఏరి పేర్లు పెట్టాలంటే రోజులు పడుతుంది, పాలీకీట్ పురుగుల్ని గుర్తుపట్టేవాళ్ళు ప్రపంచంలోనే తగ్గిపోతున్నారు.

ఇంత కష్టపడితే ఏం తెలుస్తుందంటే, గ్లేసియర్ దగ్గర నుంచి బయటికి వచ్చేకొద్దీ మొత్తం జనాభా మారిపోతుంది. గ్లేసియర్ ముందు ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన మట్టి పడుతుంది, బయట అదే మిల్లీమీటర్లలో. ఆ మట్టివానలో నీళ్ళు వడగట్టుకుని తినే జీవాలు బతకలేవు, వాటి జల్లెడలు పూడుకుపోతాయి, గొట్టం కట్టుకుని ఒకచోట స్థిరంగా ఉండేవీ కష్టమే. అక్కడ కనిపించేవి చిన్నచిన్నవి, కదలగలిగేవి, బురదే తిని బతికేవి, థయాసిరా, యోల్డియెల్లా లాంటి పప్పుగింజంత ఆల్చిప్పలు, సన్నటి పురుగులు. బయటికి రండి, రకాలు పెరుగుతాయి, పెద్దవి వస్తాయి, గొట్టాలు కట్టుకునే పురుగులు, బ్రిటిల్ స్టార్లు. అంటే గ్లేసియర్ వెనక్కి జరిగితే ఈ జీవాలు ఉండే పట్టీలన్నీ దాంతోపాటు వెనక్కి జరుగుతాయి, ఇవాళ గీసిన సరిహద్దు రేపటికి చెల్లదు.

గట్టి నేల మీద గ్రాబ్ పనిచేయదు, అక్కడ కెమెరా, ఆర్‌ఓవీ, అంటే పైనుంచి కేబుల్‌తో నడిపే నీటి రోబో. కెమెరా వచ్చాకే అందరికీ బాగా కనిపించింది ఏంటంటే డ్రాప్‌స్టోన్లు. ఐస్‌బర్గ్ తనలో పట్టుకొచ్చిన రాళ్ళు కరిగినచోట జారి కింద పడతాయి. చుట్టూ ఎటు చూసినా మెత్తటి బురద, మధ్యలో ఒక్క రాయి, దాని మీద సీ అనిమోన్, స్పాంజి, మెత్తటి పగడం, తిత్తుల్లా ఉండే అసిడియన్లు, కిక్కిరిసి ఉంటాయి. అతుక్కోవడానికి గట్టి చోటు దొరకడమే వాటికి మహాభాగ్యం. ఈ రాయి మల్టీబీమ్‌లో కనిపించదు, గ్రాబ్‌కి అందదు, అందినా దవడ మూసుకోదు. కెమెరా లేని సర్వేలో ఈ జీవాలు అక్కడ లేనట్టే లెక్క.

ఇప్పుడు అసలు విషయం. నార్వేలోని ట్రోమ్సోలో బ్యోర్న్ గుల్లిక్సెన్ అనే సైంటిస్టు 1980లో ఒక పని మొదలుపెట్టారు. కాంగ్స్‌ఫియోర్డెన్ ముఖద్వారం దగ్గర, ఇంకా పైన స్మీరెన్‌బుర్గ్‌ఫియోర్డెన్ అనే ఇంకో ఫియోర్డ్‌లో, నీళ్ళ అడుగున రాతి మీద కొన్ని గళ్ళు గుర్తుపెట్టుకుని ప్రతి ఏడాదీ డైవర్లు దిగి అవే గళ్ళని ఫొటో తీయడం. అంతే. కొన్ని గళ్ళు మొదట్లోనే శుభ్రంగా గీకేశారు, మళ్ళీ నిండటానికి ఎన్నాళ్ళు పడుతుందో చూద్దామని, పదేళ్ళు దాటినా పక్కగళ్ళకి పూర్తిగా సమానం కాలేదు. మొదటి పదిహేనేళ్ళు ఫొటోల్లో పెద్ద మార్పు లేదు. మీరే ఆలోచించండి, ఏ ఫండింగ్ కమిటీ ముందైనా పదిహేనేళ్ళు ఏం మారలేదండీ, ఇంకో ఐదేళ్ళు డబ్బులివ్వండి అంటే ఏమంటారు? అలాగే కొనసాగించారు. 1995లో కాంగ్స్‌ఫియోర్డెన్ గళ్ళలో గోధుమరంగు నాచు ఉన్నట్టుండి ఐదు రెట్లు పెరిగింది. 2000లో రెండో ఫియోర్డ్‌లో ఎనిమిది రెట్లు. అంతకుముందు అక్కడ రాజ్యమేలినవి గులాబీరంగు సున్నపు ఆల్గేలు, సీ అనిమోన్లు. నీళ్ళు మెల్లగా వేడెక్కుతున్నాయి, మంచు లేని రోజులు మెల్లగా పెరుగుతున్నాయి, అడుగు మాత్రం మెల్లగా మారలేదు, ఒక్కసారి తిరగబడింది. 2012లో ఈ రిజల్ట్ పబ్లిష్ అయింది.

1994లో ఒకరు, 2004లో ఒకరు వచ్చి చెరో మంచి మ్యాపు గీసి వెళ్ళి ఉంటే ఏమయ్యేది? రెండూ కరెక్టే, రెండూ పొంతన కుదరవు, ఎవరి మెథడ్ తప్పు అని కొట్టుకునేవాళ్ళు. అందుకే నేను ఏ హ్యాబిటాట్ మ్యాపు, అంటే ఏ జీవాలు ఎక్కడ ఉంటాయో చూపించే మ్యాపు చూసినా మొదట రంగులు చూడను, కింద తేదీ వెతుకుతాను. ఏ ఏడాది లోతు, ఏ ఏడాది శాంపిళ్ళు. చాలా మ్యాపుల్లో లోతు ఒక దశాబ్దానిది, బురద ఇంకో దశాబ్దానిది, రెండూ కలిపి ఒకటే రంగు పూసేస్తారు. ఇప్పుడు ఇంకో అలవాటు, ముప్పై నలభై చోట్ల కెమెరా దించి మిగతాదంతా రాండమ్ ఫారెస్ట్ అనే కంప్యూటర్ మోడల్‌కి వదిలేయడం, లోతు, వాలు, బ్యాక్‌స్కాటర్ ఇస్తే అది మొత్తం ఫియోర్డ్‌కి రంగులేసి ఇస్తుంది. నేనూ వాడతాను, తప్పేం లేదు, కానీ పక్కన ఎక్కడెక్కడ ఎంత నమ్మొచ్చో చెప్పే రెండో మ్యాపు పెట్టాలి. అది పెడితే మొదటి మ్యాపు అంత అందంగా ఉండదు, అందుకే పెట్టరు.

కెల్ప్, అంటే పెద్ద గోధుమరంగు సముద్రపు నాచు, దాని సంగతి ఒక్క నిమిషం. బ్లోమ్‌స్ట్రాండ్ పక్కన హన్స్‌నేసెట్ అనే చోట డైవర్లు 1996–98లో ఒకసారి, 2012–14లో మళ్ళీ కెల్ప్ కోసి తూచారు. 2.5 మీటర్ల లోతులో ఎనిమిది రెట్లు పెరిగింది, చలికాలపు మంచు వచ్చి గీకడం తగ్గింది కాబట్టి. పైన ఈ కథ, అడుగున దీనికి ఉల్టా, కరుగునీళ్ళ మట్టి వల్ల వెలుగు దిగక లోతులో ఉండే ఆల్గేకి ఇబ్బంది. ఒకే వేడి, పది మీటర్ల తేడాలో రెండు రకాల ఫలితాలు. కొత్త చుట్టాలు కూడా వస్తున్నారు, 2004లో స్వాల్‌బార్డ్‌లోనే ఇస్‌ఫియోర్డెన్ అనే ఫియోర్డ్ ముఖద్వారం దగ్గర బ్లూ మస్సెల్ అనే ఆల్చిప్ప దొరికింది, దాదాపు వెయ్యేళ్ళుగా స్వాల్‌బార్డ్‌లో లేని జీవి అది. 2013లో అదే ఫియోర్డ్‌లో మాకెరెల్ చేపలు పడ్డాయి.

మన ఇండియా పని గురించి. 2014 జూలైలో ఇండార్క్ అనే మూరింగ్‌ని కాంగ్స్‌ఫియోర్డెన్ మధ్యలో 192 మీటర్ల లోతులో దించారు, చెన్నైలోని సముద్ర టెక్నాలజీ సంస్థ ఎన్‌ఐఓటీ, గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థ, ఇప్పటి ఎన్‌సీపీఓఆర్, కలిసి. అడుగున బరువు, పైన తేలే బంతులు, మధ్యలో తాడుకి సెన్సర్లు, ఉష్ణోగ్రత, ఉప్పు, ప్రవాహం, ఆక్సిజన్. తీసేటప్పుడు ఓడ నుంచి సౌండ్ కోడ్ పంపిస్తే కింద కొక్కెం విడిపోయి మొత్తం పైకి తేలుతుంది. తేలుతుందా లేదా అని ఆ కొన్ని నిమిషాలు డెక్ మీద ఎవరూ మాట్లాడరు. అట్లాంటిక్ నీళ్ళు ఏ నెలలో లోపలికి వచ్చాయో దీని రికార్డు చెప్తుంది, ఓడ వెళ్ళలేని నెలల్లో కూడా. దానికి హైడ్రోఫోన్, అంటే నీటి అడుగున పనిచేసే మైకు కూడా కట్టారు. ఫియోర్డ్ అడుగు నిశ్శబ్దంగా ఉంటుందని అనుకుంటారు, అబద్ధం, గ్లేసియర్ మంచులో పాతకాలపు గాలి బుడగలు ఒత్తిడితో ఇరుక్కుని ఉంటాయి, కరిగేటప్పుడు అవి చిటపటమని పేలుతాయి. గ్లేసియర్ దిగే ఫియోర్డ్‌లు సముద్రం మొత్తంలో బాగా గోల ఉండే చోట్లలో ఒకటి.

ప్రశ్నలు తీసుకుందాం. చెప్పండి మాస్టారూ.

[ఒక పెద్దాయన: మన డబ్బు పెట్టి అక్కడి పురుగుల్ని లెక్కపెట్టడం దేనికి? మన రుతుపవనాలకి ఏమైనా ఉపయోగమా?]

బాగా అడిగారు. ఆర్కిటిక్ మంచుకీ మన రుతుపవనాలకీ సంబంధం మీద వాతావరణం వాళ్ళు పని చేస్తున్నారు, అది వాళ్ళ సబ్జెక్టు. పురుగుల లెక్కకి రుతుపవనాల పేరు అంటగట్టి డబ్బు అడగడం నాకు నచ్చదు. దీని ఉపయోగం వేరే. వేడెక్కితే అడుగు జీవాలు ఎంత తొందరగా, ఏ పద్ధతిలో మారతాయో తెలియాలంటే మార్పు బాగా వేగంగా ఉన్నచోట చూడాలి, అది అక్కడ ఉంది. ఇంకోటి, అక్కడ మల్టీబీమ్ డేటా, గ్రాబ్ పని నేర్చుకున్న పిల్లలు తిరిగొచ్చి చేసేది మన తీరం మీదే. ట్రాలర్లు రోజూ గీకే మన అడుగు గళ్ళని ముప్పై ఏళ్ళపాటు ఆపకుండా ఫొటో తీసిన రికార్డు ఎవరైనా చూపిస్తే నా ఈ జవాబు నేనే వెనక్కి తీసుకుంటాను.

చెప్పమ్మా, నువ్వు.

[ఒక విద్యార్థిని: అక్కడ చలికాలం నెలల తరబడి చీకటి కదండీ, అప్పుడు మ్యాపింగ్ ఆపేస్తారా?]

అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు రాడు. చాలాకాలం అందరూ ఆ నెలల్లో అడుగున అన్నీ నిద్రపోతాయనే అనుకున్నారు, వెళ్ళి చూస్తే తింటున్నాయి, పెరుగుతున్నాయి, నీళ్ళలో తేలే చిన్న జీవాలు, ప్లాంక్టన్, చంద్రుడి వెలుగుకి కూడా పైకీ కిందకీ తిరుగుతోంది. 2023 డిసెంబర్ నుంచి హిమాద్రికి మనవాళ్ళు చలికాలం కూడా వెళ్తున్నారు. సోనార్‌కి వెలుగుతో పని లేదు కాబట్టి లోతు కొలవడం ఆగదు. చేపల లెక్క దగ్గరే ఇబ్బంది. ఓడ మామూలు లైట్లు వేసుకుని నిలబడితే ఆ వెలుగుకి 200 మీటర్ల లోతు దాకా చేపలూ ప్లాంక్టనూ ప్రవర్తన మార్చుకుంటున్నాయని 2020లో తేలింది, అంటే ఓడ కింద మనం లెక్కపెట్టేది మనకి బెదిరినవాటినో మన దగ్గరికి వచ్చినవాటినో. అందుకని పోలార్ నైట్ సర్వే రిజల్ట్ ఎవరైనా తెస్తే తేదీతో పాటు డెక్ లైట్లు వేశారా ఆర్పారా అని కూడా అడగాలమ్మా.